నూట పది గుడ్లూ, ఒక తుఫానూ

తర్లుపాడు చుట్టుపక్కల ఊళ్లకు మబ్బులు చుట్టపుచూపుగా కూడా రావు. దారి తప్పితే వస్తాయి. ఒక ఏడాది శ్రావణంలో నిజంగానే వాన పడితే, మూడేళ్ల పెయ్య ఒకటి ఆకాశం నుంచి పడేది ఏమిటో తెలియక బెదిరి, పలుపుతాడు తెంచుకుని కొనకనమిట్ల దాకా పరిగెత్తిందని కాశయ్య చెబుతాడు. దాన్ని తోలుకొచ్చింది కూడా తానే కాబట్టి, కాదని చెప్పడానికి వేరే సాక్షి లేడు.

అలాంటి ఊళ్లో కాశయ్య భార్య చెంచమ్మ, అక్టోబరు నెలలో తుఫాను హెచ్చరిక విని ఇల్లు సర్దడం మొదలుపెట్టిందంటే, అది వానకు భయపడి కాదు. నడిమింట్లో, మిషనులో, నూట పది కోడిగుడ్లు ఉన్నాయి.

చెంచమ్మకు అరవై దాటాయి. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు రాయి కోసింది. పలకను కంటితో చూడకుండా, బొటనవేలితో రాసి మందం చెప్పేది. నూరు పలకలు ఇస్తానంటే నూరే ఇచ్చేది. తొంభై తొమ్మిది ఇచ్చి నవ్వేసే రకం కాదు. మోకాళ్లు మొరాయించాక ఫ్యాక్టరీ మానేసి మేకలు పెట్టుకుంది. ఎనిమిది మేకలు, ఒక స్లాబు ఇల్లు, ఒక కాశయ్య. మూడింటిలో మేకలే చెప్పిన మాట వింటాయని ఆమె అభిప్రాయం.

ఆ వేసవిలో ఊరికి కొక్కెర తెగులు వచ్చింది. పది రోజుల్లో కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కోడి కూయక, మాలకొండయ్య లాంటి పెద్దమనిషి కూడా ఎనిమిది దాకా పడుకుని, లేచి, తన ఫోన్లో గడియారం తప్పు చూపిస్తోందని మనవడితో పోట్లాడాడు. ఊరంతా లెక్కపెడితే మిగిలినవి పదిహేడు పెట్టలు, మూడు పుంజులు. చెంచమ్మకు ఒక పెట్ట మిగిలింది. పక్కింటి అంకాలమ్మకు ఇరవై రెండు పోయి ఒక్కటి మిగిలింది.

పశువుల ఆస్పత్రిలో పనిచేసే పావని అప్పుడు ఒక మాట చెప్పింది. తెగులుకు తట్టుకున్న కోళ్ల గుడ్లకే పిల్లల్ని చేయించుకుంటే మంచిది, బయట కొనొద్దు. పెట్టను పొదుగు మీద కూర్చోబెడితే అది గుడ్లు పెట్టడం మానేస్తుంది కాబట్టి, మిషనులో పొదిగిద్దాం. మిషను తెప్పించి ఆడవాళ్ల సంఘానికి ఇప్పించింది కూడా. అది ఎవరింట్లో పెట్టాలనే దగ్గర రెండు రోజులు గొడవ జరిగింది. చివరికి, కారకుండా, పిల్లి లేకుండా ఉన్న ఇల్లు ఊళ్లో ఒక్కటే అని తేలి, చెంచమ్మ నడిమింట్లో పెట్టారు.

చెంచమ్మ గంప పట్టుకుని పదిహేడు పెట్టలున్న ఇళ్లన్నీ పది రోజులు తిరిగింది. ప్రతి గుడ్డు మీదా ఆ ఇంటివాళ్ల పేరులో మొదటి అక్షరం కాశయ్య చేత పెన్సిలుతో రాయించింది. ప్రతి గడప దగ్గరా ఒకే మాట చెప్పింది: "మూడు వారాలకు పిల్లల్తో వస్తా. రాకపోతే నా పేరు చెంచమ్మ కాదు." అంకాలమ్మ తన ఒక్క పెట్ట పెట్టిన తొమ్మిది గుడ్లూ ఇచ్చింది. ఆ మధ్యలో ఆమె అల్లుడు వస్తే దొండకాయ వేపుడుతో అన్నం పెట్టింది. ఆ ఊళ్లో అల్లుడికి గుడ్డయినా లేకుండా దొండకాయ పెట్టడం ఎంత పెద్ద త్యాగమో అల్లుడిని అడిగితే చెబుతాడు.

మిషను లోపల గుడ్లు తెల్లగా వరసలు తీరి ఉండేవి. పైన ఎర్ర అంకె వెలిగేది. ముప్పయ్యేడున్నర. చెంచమ్మకు చదువు రాదు కానీ ఆ అంకె మాత్రం మొగుడి మొహం కంటే బాగా గుర్తు. పదహారో రోజున, ఆ అంకె చూస్తూ గంజి తాగుతుంటే, కాశయ్య ఫోను పట్టుకుని వచ్చాడు.

"తుఫానంట. మంగళవారం తీరం దాటుతాదంట. మనకూ వాన, గాలి, కరెంటు పోతాదంట."

"ఎన్నాళ్లు పోతాది?"

"అది వాళ్లకే తెలీదు."

చెంచమ్మ గంజి గిన్నె కింద పెట్టింది. వేళ్ల మీద లెక్క వేసుకుంది. మంగళవారానికి పంతొమ్మిదో రోజు. గురువారానికి పిల్లలు రావాలి.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో కాశయ్యకు కూర్చునే యోగం పోయింది. మేకలపాక రేకుల్ని తాళ్లతో బిగించి, ఆ తాళ్లకు రాళ్లు వేలాడదీయించింది. మిద్దె మీద తూములో పిచ్చుక గూడు పెట్టి ఎన్నేళ్లయిందో, పుల్లలన్నీ పీకించింది. కరెంటు తీగ మీదకు వంగిన వేపకొమ్మ కొట్టించింది. కట్టెలు వంటింట్లోకి, మేకల మేత వరండాలోకి చేరాయి. మోటారు ఆడుతుండగానే డ్రమ్ములు, బిందెలు, చివరికి పిండి కలిపే బేసిను కూడా నిండాయి. కారం, పసుపు, ఇడ్లీ పిండి ముందే పట్టించి పెట్టుకుంది. వేరుశనగ నూనెతో నాలుగు దీపాలు సిద్ధం చేసింది.

"పెళ్లప్పుడు కూడా నన్ను ఇంత పని చేయించలే," అన్నాడు కాశయ్య నడుము పట్టుకుని.

"అప్పుడు నీ పస తెలీక," అంది చెంచమ్మ.

అన్నీ అయ్యాయి. మిషనుకు కరెంటు ఒక్కటే మిగిలింది. దానికి మార్కాపురం నుంచి అబ్రార్‌ను పిలిపించింది. అతను, పలకల ఫ్యాక్టరీలో చెంచమ్మతో పనిచేసిన హిదాయతుల్లా కొడుకు. పెళ్లిళ్లకు లైట్లు, ఇన్వర్టర్లు అద్దెకిస్తాడు. సోమవారం ఆటోలో ఇన్వర్టరు, బండరాయంత బ్యాటరీ తెచ్చి నడిమింట్లో దింపి, తీగలు కలిపి, వేలు చూపించి చెప్పాడు.

"పెద్దమ్మా, మిషన్ ఒక్కటే లాగితే పదహారు గంటలు వస్తాది. పక్కన ఇంకోటి తగిలిచ్చినావనుకో, నన్ను అడగొద్దు."

"అద్దె ఎంత నాయనా?"

"అద్దె వద్దు. రెండు పిల్లలు ఇయ్యి. మా అమ్మకు నాటుకోడి అంటే ప్రాణం. తినేదానికి కాదులే, పెంచుకునేదానికి. పేర్లు పెడతాది వాటికి."

మంగళవారం తెల్లవారి ఆరింటికి కరెంటు పోయింది. వాన మాత్రం అంతకు గంట ముందే మొదలయింది. అది వాన కాదు. నల్లమల మీద ఎవరో ఆకాశాన్ని పట్టుకుని బట్ట పిండినట్టు పిండుతున్నారు. ఇన్వర్టరు ఒకసారి కీచుమని పనిలోకి దిగింది. ఎర్ర అంకె కదల్లేదు. ముప్పయ్యేడున్నర. చెంచమ్మ మిషను మీద చెయ్యి వేసి, ఇక వచ్చినా పరవాలేదన్నట్టు తుఫాను వైపు చూసింది.

తుఫాను కంటే ముందు మాలకొండయ్య వచ్చాడు. నెత్తిన యూరియా సంచి, చేతిలో ఫోను.

"చెంచమ్మా, నాది రెండు గీతలే ఉంది. గిద్దలూరు నుంచి మా తమ్ముడు చేస్తాడు. ఒక్క అరగంట."

"మామా, అబ్రార్ వద్దన్నాడే."

"వాడు పెద్దపెద్దవి వద్దన్నాడు గానీ ఇదెంత, అగ్గిపెట్టంత."

మామ అయిపోయాడు. పైగా గుడ్లిచ్చినవాడు. పెట్టించుకోక తప్పలేదు. ఆయన వెనక అత్త కొడుకు వచ్చాడు. అతని వెనక చిన్నాయన వచ్చాడు. ఆ ఊళ్లో పరాయివాడు ఒక్కడుంటే చెంచమ్మ వద్దనగలిగేది, కానీ ఊరంతా వెతికినా ఒక్కడు దొరకడు. అందరూ బావలు, వదినలు, పెద్దనాయనలే. తొమ్మిదయ్యేసరికి మిషను పక్కన పదకొండు ఫోన్లు, వాటి తీగలు చిక్కుపడి వడియాల ముద్దలా తయారయ్యాయి.

"ఇది ఇన్వర్టర్ కాదు, చలివేంద్రం," అన్నాడు కాశయ్య.

ఫోన్లు పెట్టినవాళ్లు అవి నిండేదాకా ఎక్కడికి పోతారు, వానలో? అక్కడే కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు ఊరకే ఉండరు కదా. తుఫాను ఎక్కడుందో చూడకపోతే ఎట్లా అని మాలకొండయ్య టీవీ పెట్టించాడు. తుఫాను ఆయన నెత్తి మీదే ఉంది, కానీ టీవీలో చూస్తే గానీ ఆయనకు నమ్మకం కుదర్లేదు. పదకొండున్నరకు అంకాలమ్మ మిక్సీ జారు పైటకొంగు కింద దాచుకుని వచ్చింది.

"వదినా, ఒక్క తిప్పు. రోట్లో నూరుదామంటే రోలు నీళ్లలో మునిగింది. పచ్చడి లేకుండా ఈ మడుసులకు ముద్ద దిగదు."

చెంచమ్మ నోరు తెరిచింది. తొమ్మిది గుడ్లూ, దొండకాయ వేపుడూ గుర్తొచ్చి మూసుకుంది.

మిక్సీ బుర్రుమంది. రెండో తిప్పుకు గుర్రుమంది. మూడో తిప్పు మధ్యలో ఇన్వర్టరు గట్టిగా ఒక కూత కూసి, ఆగిపోయింది. టీవీ ఆరింది. ఎర్ర అంకె కూడా ఆరింది.

పదకొండు ఫోన్లూ నిండాయి. మిషను చల్లబడుతోంది.

అంకాలమ్మ జారును మెల్లగా మళ్లీ కొంగు కిందకు దాచుకుంది. చెంచమ్మ ఆమె వైపు చూడలేదు. గోడకున్న మిషను డబ్బా తలుపు మీద అరచెయ్యి ఆనించి, "ఎవుడన్నా అబ్రార్‌కు ఫోన్ కొట్టండి," అంది.

కనీసం ఫోన్లకు లోటు లేదు. మాలకొండయ్య అటు మాట్లాడి, గొంతు తగ్గించి చెప్పాడు. బ్యాటరీ ఇంకోటి ఉందట. తర్లుపాడు దగ్గర వాగు రోడ్డెక్కింది, ఆటో రాదు. ట్రాక్టరు దొరికితే సాయంత్రానికి తెస్తాడట. అంటే అయిదారు గంటలు.

తరవాత పావనికి కొట్టారు. ఆ పిల్ల తొణక్కుండా చెప్పింది.

"పంతొమ్మిదో రోజు గుడ్డు అంత తేలిగ్గా చావదు అవ్వా. లోపల పిల్ల తయారయి ఉంటుంది, దానికీ కొంచెం వేడి ఉంటుంది. పూర్తిగా చల్లబడనీయొద్దు. పొదుగు మీదున్న పెట్టలుంటే కింద పెట్టండి. లేదంటే ఒంటి వేడి చాలు. దొర్లించొద్దు, కుదపొద్దు."

పొదుగు మీదున్న పెట్ట ఊరంతటికీ ఒక్కటే. దాని కింద పన్నెండు పట్టాయి. మిగిలినవి తొంభై ఎనిమిది.

చెంచమ్మ నడిమింటి గుమ్మంలో నిలబడి చూసింది. పదకొండు మంది మగవాళ్లు తమ తమ ఫోన్లు జేబుల్లో వేసుకుని, ఏమీ ఎరగనట్టు మెల్లగా లేస్తున్నారు.

"కూర్చోండి," అంది.

"చెంచమ్మా, మేకలు—"

"మేకలు తడవవు మామా. ఫోన్ పెట్టినోడు ప్రతివోడూ గోడకానుకొని కూర్చో. పంచె మడత ఒళ్లోకి తెచ్చుకో. మనిషికి తొమ్మిది."

ఆమె తొమ్మిదేసి గుడ్లు ఒళ్లో పెట్టుకుంటూ పోయింది. చివరివాడికి ఎనిమిదే వచ్చాయి. అతను బతికిపోయినట్టు ఊపిరి వదిలాడు. ఒక్కొక్కరి మీదా ఇంట్లో ఉన్న గొంగళ్లు, దుప్పట్లు కప్పింది. చాలనివి ఇళ్ల నుంచి ఆడవాళ్లు తెచ్చారు, ఎందుకో తెలిశాక ఇళ్లకు తిరిగి పోకుండా అక్కడే నిలబడ్డారు.

ఇక పలకలు. ఫ్యాక్టరీలో చలికాలం పొద్దున్నే ఆడవాళ్లు టీ పొయ్యి పక్కన పలక రాయి పెట్టుకునేవాళ్లు. నడుము నొప్పికి కట్టుకుంటే పని అయ్యేదాకా వేడి వదిలేది కాదు. పెరట్లో అంచు విరిగిన పలకలు చెంచమ్మ దగ్గర ఒక మోపు ఉన్నాయి. అంకాలమ్మను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. అంకాలమ్మ ఒక్కో పలకా వెచ్చబెట్టి అందిస్తుంటే, చెంచమ్మ చెంపకు ఆనించి చూసి, గుడ్డలో చుట్టి ఒక్కో మగవాడి తొడ పక్కన పెట్టేది. చెంప కాలితే పక్కన పెట్టి ఆరనిచ్చేది. ఆ రోజు ఆమె ఎడమ చెంప సాయంత్రానికి మిరపపండులా ఎర్రబడింది.

గంట గడిచింది. మాలకొండయ్య మీసాలు గొంగళి పైన, గడ్డం గొంగళి కింద.

"చెంచమ్మా, ఒక్క బీడీ."

"పెట్ట బీడీ తాగుతాదా మామా?"

ఆడవాళ్లలో నవ్వు పుట్టింది. మాలకొండయ్య భార్య గుమ్మం దగ్గర నుంచి, "నలభై ఏళ్లలో ఆయన ఒకచోట గంట కూర్చున్నది ఇదే మొదలు," అంది. "చెంచమ్మా, గుడ్లు అట్లే ఉండనీ, నాకు పనులైతాయి."

"అత్తా, నవ్వియ్యొద్దు," అన్నాడు పక్కనున్న అత్త కొడుకు, ఒళ్లో గుడ్ల మీద రెండు చేతులూ బిగబట్టి. "కదుల్తాయి."

కదలకుండా ఉండాలంటే వాళ్లకేదో చెప్పాలని కాశయ్య పూనుకున్నాడు. ఆయన ఒళ్లో గుడ్లు లేవు; ఫోను నింపుకోని ఒకే ఒక్క మగవాడు. ఆ గర్వంతో నడిమింట్లో నిలబడి, గిద్దలూరు రైలు స్టేషను దగ్గర తానొకసారి చూసిన వడగళ్ల వాన గురించి ఎత్తుకున్నాడు. ఒక వడగల్లు ఎంత పెద్దదంటే, అది పడ్డ ఇంటివాళ్లు మూడు నెలలు ఫ్రిజ్ కొనలేదట. రెండోది కరిగే లోపల స్టేషను మాస్టరు దాని మీద టైంటేబుల్ రాయించాడట. మాలకొండయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వు ఆపుకోలేక. గొంగళి కింద ఎక్కడో సన్నగా టప్‌మన్న చప్పుడు.

అందరూ నవ్వు మింగేశారు. చెంచమ్మ వెళ్లి గొంగళి ఎత్తి చూసింది. ఒక గుడ్డు చితికింది. మీద 'మా' అని రాసి ఉంది.

"నాదే," అన్నాడు మాలకొండయ్య, ఊపిరి పీల్చుకుని. "నాదే పోయింది. పరవాలేదు."

కాశయ్యను వరండాలోకి పంపించేసింది చెంచమ్మ. మిగిలిన మూడు గంటలు పదకొండు మందీ గొంగళ్ల కింద కదలకుండా కూర్చున్నారు. ఆమె మాత్రం పలకలు మారుస్తూ, ప్రతి గొంగళి కిందా చెయ్యి పెట్టి చూస్తూ, ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగింది. గుడ్డు వెచ్చగా తగిలితే తరవాతి మనిషి దగ్గరకు పోయేది. లోపల ఏముందో మాత్రం ఆ వెచ్చదనం చెప్పదు. ఆమెకు తెలుసు.

అయిదుంబావుకు ట్రాక్టరు చప్పుడయింది. అబ్రార్ తొడల దాకా తడిసి, ప్లాస్టిక్ పట్టలో చుట్టిన బ్యాటరీని పసిబిడ్డలా ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. వచ్చి, గోడ పొడవునా గొంగళ్లు కప్పుకుని కూర్చున్న పదకొండు మందిని చూసి ఆగాడు.

"ఏమి మామా, అందరికీ జ్వరమా?"

"తీగ కలుపు నాయనా," అంది చెంచమ్మ.

మిషను ముప్పావు గంటలో మళ్లీ ముప్పయ్యేడున్నరకు చేరింది. గుడ్లు ఒక్కొక్కటిగా లోపలికి పోయాయి. మగవాళ్లకు మాత్రం లేవడం రాలేదు, కాళ్లు తిమ్మిరెక్కి. గోడ పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచారు. ఇళ్లకు పోయేటప్పుడు ఏ ఒక్కడూ చార్జింగు మాట ఎత్తలేదు.

తుఫాను ఆ రాత్రే నల్లమల దాటి బలహీనపడింది. బుధవారం పొద్దున ఎండ కూడా తొంగి చూసింది. మేకలపాక రేకు ఒక్కటి కూడా ఎగరలేదు. తూము నుంచి నీళ్లు ధారగా పోయి, మిద్దె మీద చెమ్మ లేదు. మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. అన్నీ బాగున్నాయి. చెంచమ్మకు మాత్రం ముద్ద దిగలేదు.

"చూసేయరాదూ," అన్నాడు కాశయ్య.

ఆమె బేసినులో గోరువెచ్చని నీళ్లు పోసింది. అది వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. చివరి రెండు రోజుల్లో గుడ్డును గోరువెచ్చని నీళ్లలో వదిలితే, ప్రాణం ఉంటే కదులుతుంది, లేకపోతే ఊరకే తేలుతుంది. మిషను తెరిచి, తన పెట్టదే, 'చెం' అని రాసినది ఒకటి తీసింది. వేరేవాళ్లది పరీక్షకు పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.

గుడ్డు నీళ్లలో పడి, ఒక గుండ్రం తిరిగి, నిలిచింది.

ఇద్దరూ వంగి చూశారు. నీళ్లు కూడా కదలడం ఆగిపోయాయి. గుడ్డు తెల్లగా, రాయిలా, ఊరకే తేలుతోంది. చెంచమ్మ అప్పుడే గుడ్లిచ్చిన గడపలన్నీ మనసులో తిరిగి వచ్చింది. ఏ గడప దగ్గర ఏం చెప్పాలో కూడా అనుకుంది. అంకాలమ్మ గడప దగ్గర మాత్రం మాట దొరకలేదు.

గుడ్డు ఒక్కసారి ఉలిక్కిపడింది.

పడి, ఆగి, మళ్లీ పడింది. చిన్న అల బేసిను అంచుకు తగిలింది.

"కదిలింది," అన్నాడు కాశయ్య.

"నువ్వు బేసిను తన్నినావా?"

"నేనెందుకు తంతా? నా కాళ్లు ఇక్కడుంటే."

గుడ్డు ఈసారి ఎవరినీ అడగకుండా వరసగా నాలుగుసార్లు ఊగింది. చెంచమ్మ దాన్ని తీసి, పైటతో తుడిచి, చెవికి ఆనించుకుంది. లోపల ఎవరో గోరుతో గోకుతున్నట్టు సన్న చప్పుడు. దాన్ని మిషనులో పెట్టి, తలుపు మూసి, గోడకు జారగిలబడి కూర్చుంది. మూడు వారాల్లో ఆమె పని ఏమీ లేకుండా కూర్చున్నది అప్పుడే. కాశయ్య గంజి తెచ్చి ఇస్తే మొత్తం తాగి, ఇంకా ఉందా అని అడిగింది.

గురువారం పొద్దున్నే మొదలయింది. సాయంత్రానికి మిషనులో పసుపు, నలుపు, గోధుమ రంగు ముద్దలు ఒకదాన్నొకటి తొక్కుతూ కిచకిచలాడుతున్నాయి. పెట్ట కింద పెట్టిన పన్నెండింటిలో పదీ, మిషనులో డెబ్బై ఆరూ. మొత్తం ఎనభై ఆరు. ఏ పిల్ల ఎవరిదో తెలియదు, కానీ పగిలిన పెంకుల మీద పెన్సిలు రాతలు ఉన్నాయి కదా. చెంచమ్మ పెంకులు ఏరి, కాశయ్య చేత చదివించి, ఇంటికెన్నో విడగొట్టింది. అబ్రార్‌కు రెండు తన వాటాలోంచి తీసి పెట్టింది.

శుక్రవారం ఎండలో గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. మాలకొండయ్య ఇంటి దగ్గర ఆయన మంచం మీద నుంచి దిగి వచ్చి, తన అయిదింటినీ అరచేతిలోకి తీసుకుని, ఒక్కోదాని మొహం చూశాడు. ఒళ్లో కూర్చున్నవి ఏవో తాను గుర్తుపడతానన్నాడు. ఒకటి చూపించి ఇదేనన్నాడు కూడా. ఆయన భార్య, మీసాలు చూస్తేనే తెలుస్తోందిలే అంది.

అంకాలమ్మ ఇల్లు చివరికి మిగిలింది. ఆమె మంగళవారం నుంచి చెంచమ్మ కంట పడకుండా, నీళ్లకు కూడా వెనక సందులోంచి పోతోంది. గుమ్మంలో గంప చూసి, ఇంట్లో నుంచి మెల్లగా వచ్చింది. చెంచమ్మ ఏడు పిల్లల్ని తీసి ఆమె కొంగులో పోసింది. అవి కొంగు మడతల్లో అటూ ఇటూ గుచ్చుకుంటుంటే అంకాలమ్మ వాటినే చూస్తూ, తల ఎత్తకుండా అంది:

"ఆ రోజు నువ్వు నన్నొక్క మాట కూడా అనలే వదినా."

"అందామనే అనుకున్నా," అంది చెంచమ్మ. "మొదలుపెడదామంటే చేతుల్లో గుడ్లుండె."

అంకాలమ్మ నవ్విందో ఏడ్చిందో, ముక్కు మాత్రం గట్టిగా చీదింది. పెరట్లో ఉన్న ఒక్క పెట్ట కొక్కొక్కోమంటూ పరుగెత్తుకొచ్చి, కొంగులోంచి వస్తున్న చప్పుడు ఎక్కడిదా అని మెడ సాచింది. అంకాలమ్మ గంప బోర్లించి, పిల్లల్ని ఒక్కొక్కటే దాని కింద వదిలింది. చెంచమ్మ పక్కనే చతికిలబడి, ఏడూ గంప కిందకు పోయేదాకా చూసి, "నూకలుంటే తే," అంది.